ఎద్దు తప్పేమీ లేదు

లెముయ్ దీవి,
ఏప్రిల్ 20

చెల్లి ఒతీలియాకు,

అన్న బెలార్మినో దీవెనలు. ఇక్కడ నేను, మీ వదిన, ఎద్దులు రెండూ బాగున్నాం. దక్షిణపు కొసన మీ పుంతా అరేనాస్‌లో అప్పుడే చలి ముదిరి ఉంటుంది. నువ్వు, మీ ఆయన, నా మేనకోడలు కులాసాగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం పడవలో తడిసి వచ్చింది. మీ వదిన పొయ్యి దగ్గర ఆరబెట్టి ఇచ్చింది. నువ్వు అడిగినవాటికి వరసగా రాస్తాను. ఆ తర్వాత నీకు సంబంధించిన మాట ఒకటుంది. ఆర్నెల్లుగా చెప్పలేదు. ఫోనులో అయితే నా నోరు పెగలదు. అందుకే కాగితం.

బంగాళదుంపలు తవ్వడం అయిపోయింది. ఊరంతా ఒకరోజు వచ్చి తవ్విపెట్టారు. మీ వదిన గొర్రెను కోయించి అందరికీ భోజనం పెట్టింది. నేను గట్టు మీద కూర్చుని బస్తాల మూతులు కట్టాను. క్లవెల్‌ను అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు. మనిషిని కుమ్మి, పక్కటెముకలకు ఆపరేషన్ దాకా తెచ్చిన ఎద్దును ఉంచుకోకూడదన్నావు. దాని సంగతి చివర రాస్తాను.

"ఈ వయసులో మంగళవారం, శుక్రవారం కాస్ట్రో పట్నం వెళ్లి పదకొండు మంది ఆడవాళ్లతో కసరత్తులు చేస్తున్నావట, వదిన కట్టె పుచ్చుకోలేదా?" అని రాశావు. నిజమే. పదకొండు మందే. పంపింది మీ వదినే.

అక్టోబరులో ఆపరేషన్ అయ్యాక ఎడమ చేత్తో ఆరువారాలు బరువు ఎత్తవద్దన్నాడు డాక్టరు. దెబ్బ తగిలిన ఎద్దును మనం కొట్టంలో కట్టేసి ఉంచుతాం కదా. నేనూ అదే చేశాను. పైన కప్పుకునే పోంచో కింద చేతిని ఉన్ని నడికట్టుతో ఒంటికి కట్టేశాను. ఆరువారాలు దాటినా విప్పలేదు. వాడకపోతే బలం మిగులుతుందనుకున్నాను. జనవరికి ఆ చెయ్యి టోపీ దాకా కూడా లేవలేదు. చొక్కా గుండీలు మీ వదినే పెట్టేది. ఒకరోజు పెడుతూ పెడుతూ అంది:

"ఏమయ్యా, ఏప్రిల్‌లో చిచాకు ఆపిళ్లు దంచాలి. నీ ఎదురు నొల్బెర్తో గాలిని దంచుతాడా? లేకపోతే కర్ర నన్ను పట్టుకోమంటావా?"

తొట్టికి అటొకరు ఇటొకరు నిలబడి, ఒకరి కర్ర లేస్తే ఒకరిది పడాలి. నలభై ఏళ్లుగా నొల్బెర్తోకు ఎదురు నేనే. ఈ ఏడు అక్కడ ఇంకొకడు నిలబడితే ఇక అది వాడి చోటే. ఆ భయంతోనే పడవెక్కాను.

కాస్ట్రో ఆసుపత్రిలో యాస్నా అని నా మేనకోడలి వయసు అమ్మాయి ఉంది. ఆపరేషన్ అయినవాళ్లకు మళ్లీ బలం తెప్పించడం ఆమె పని. మొదటి రోజు ఇసుక పోసిన సీసా చేతికిచ్చింది. అరకిలో. ఎగతాళి చేస్తోందనుకున్నాను. నడుం దాకా ఎత్తేసరికి చెమట పట్టింది.

"తాతా, ఆ చెయ్యేమన్నా విత్తనపు దుంపా, చీకట్లో దాచడానికి?" అంది.

గోడ మీద వేళ్లతో పైకి పాకించేది. ఎక్కడిదాకా అందితే అక్కడ పెన్సిలుతో గీత, పక్కన నా పేరు. సాగే రబ్బరు పట్టీ లాగించేది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేపించేది. ఇంటి దగ్గర నేను మేజోడులో దుంపలు పోసి, తూచుకుని ఎత్తేవాణ్ణి. అరకిలో నుంచి కిలో. తర్వాత రెండు. ఈస్టరు వారానికి నాలుగు. గోడ మీద నా గీత టోపీ దాటింది.

మొన్న శనివారం ఆపిళ్లు దంచాం. మీ వదిన గుమ్మంలో నిలబడి నా చెయ్యినే చూస్తోంది. మొదటి దెబ్బ భయంగా వేశాను. తర్వాత భయం సంగతి మరిచిపోయాను.

"ఏరా, మెల్లగా!" అని అరిచాడు నొల్బెర్తో. "నాకు ఆపరేషన్ కాలేదురా, ఇంత బలం ఎక్కణ్ణించి తేను?"

సగం పొద్దు దంచి, మిగతాది కుర్రవాళ్లకు వదిలేశాను. పులిస్తే చిచా అయ్యే రసం మూడు పీపాలు దిగింది. అంతకు రెండురోజుల ముందే పరీక్షల కాగితం వచ్చింది. ఒంట్లో జబ్బు ఎక్కడా లేదని రాశారు. మీ వదిన ఆ కాగితాన్ని పిండిడబ్బాలో దాచింది.

ఇప్పుడు లేచి పొయ్యిలో కట్టె వేసి వచ్చాను. అవసరం లేదు. ఊరికే వేశాను.

చెల్లీ, క్లవెల్ నన్ను కుమ్మలేదు. అది ఎవరినీ కుమ్మదు. నాకు వచ్చింది క్యాన్సరు. రొమ్ములో. మగవాళ్లకూ వస్తుందట. ఎడమవైపు తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీశారు. ఊళ్లో తలెత్తుకోలేననిపించి ఎద్దు పేరు చెప్పాను. పాపం అది అన్ని నిందలూ మోసింది. ఆ పదకొండు మందిదీ నా జబ్బే. మొదటి రోజు నేను టోపీ గుండెలకు అదుముకుని తలుపు పక్కన కూర్చుంటే ఎల్సీరా అనే ముసలామె ఏమందో తెలుసా?

"ఏమయ్యా, నాకు రెండూ పోయాయి, నీకు ఒకటే. ఆ టోపీ తలమీద పెట్టుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డాక్టరు అక్టోబరులోనే అన్నాడు: "ఇది కుటుంబంలో రావచ్చు. తోడబుట్టినవాళ్లుంటే వెంటనే చూపించుకోమను." ఉన్నది నువ్వొక్కదానివే. నీకు చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. సిగ్గుపడి ఆర్నెల్లు పోగొట్టాను. నన్ను తిట్టు. కానీ ముందు వెళ్లు. నీ కూతురి సంగతి కూడా ఆ డాక్టరునే అడుగు.

అమ్మ చనిపోయిన ఏడాది నీకు ఎనిమిదేళ్లు. గుర్తుండదు. ఆ ఏడు ఆపిళ్లు దంచుతుంటే అమ్మ ఒక చేత్తోనే తొట్టిలో పోసింది. రెండో చెయ్యి శాలువాలో, ఎడమవైపు గుండెమీద. చలి అంది. నమ్మాను. అమ్మకు ఏం జబ్బో ఎవరూ చూడలేదు, నాకూ తెలియదు. ఆ చెయ్యి ఎక్కడుందో మాత్రం గుర్తుంది.

ఆ శాలువా నీ దగ్గరే ఉంది కదా. అక్కడ గాలి ఎక్కువ, కప్పుకుని వెళ్లు. డాక్టరు లోపలికి పిలిచాక మాత్రం తీసెయ్.

ఇట్లు,
నీ జవాబు కోసం పడవ దగ్గరికి వచ్చి నిలబడే
నీ అన్న బెలార్మినో