దొర సమాధికి ఓళిగలు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మీ నాయనను వెతుక్కుంటూ మొన్న పెనుకొండకు అమెరికా నుంచి ఒకాయన వచ్చాడు. జర్మనీలో పుట్టి, అమెరికాలో స్థిరపడి, ధర్మవరం మగ్గాలకు పట్టు రంగులు అమ్మడానికి వచ్చి పెనుకొండలోనే పోయిన ఆ దొరకు మనవడట. ఇంగ్లీషు వచ్చునని నన్ను హిందూపురం నుంచి పిలిపించారు.

ఆయన చేతిలో వంశవృక్షం ఉంది. అందులో దొరకు భార్య, నలుగురు కొడుకులు ఉన్నారు. నువ్వు లేవు.

"కొడుకులు లేని మనిషి కదమ్మీ, నేను పెట్టకుంటే నాయనకు యెవురు పెడతారు?" అంటూ నువ్వు ఏటా పెద్దల అమావాస్యకు పెనుకొండలో ఆయన సమాధికి సున్నం కొట్టి, బెల్లం పూర్ణం ఓళిగలు పెట్టేదానివి.

సమాధుల దగ్గర కాపలా ఉండే ఓబన్న ఆయనతో, "ఒక ముసలమ్మ ఏటేటా ఈడికొచ్చి ఓళిగలు పెడ్తాండె సామీ," అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"అయితే ఇక్కడివాళ్ళు మా తాతను దేవుడిలా కొలుస్తారన్నమాట," అని ఆయన మురిసిపోయి రాసుకున్నాడు.

"దేవుడికి కాదు, కన్నతండ్రికి పెట్టింది. ఆమె ఆయన కూతురు. నేను ఆమె మనవరాలిని," అన్నాను. పరాయి మనిషితో నేను అంత మాట్లాడడం అదే మొదలు.

అచ్చం నీలాంటి పిల్లికళ్ళతో నన్ను చూసి, ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

రేపు పెద్దల అమావాస్య. ఓళిగలు చేసి నీకు పెడతాను. ఆ సమాధి సంగతి నలుగురు కొడుకుల వంశం చూసుకుంటుంది.

నీ మనవరాలు