జరగని గ్రామసభ

సంగారెడ్డి, మంగళవారం రాత్రి

పొద్దున్నుంచీ ముసురు. నిన్నటి లక్డారం గ్రామసభ మీద జర్నలిజం పిల్లలు రాసిన వార్తలు క్లాసులో చదివించాను. సర్పంచ్ హామీలు, నీళ్ల కోసం ఆడవాళ్ల నిలదీత, అన్నీ ఉన్నాయి. భాషలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మంజుల మాత్రం రెండే వాక్యాలు రాసింది. వాన వల్ల సభ వాయిదా పడింది. పంచాయతీ ఆఫీసుకు తాళం వేసి ఉంది.

అక్కడిదాకా వెళ్లింది ఆమె ఒక్కతే.

"ఫోన్ల ఏఐని అడిగితే గట్లనే రాసిచ్చింది సార్," అన్నాడు నరేశ్. మంజులవైపు తిరిగి, "ఏందే, తడుసుకుంట పోయి తాళం జూసొచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. మంజులకు తప్ప అందరికీ సున్నా వేశాను. ఎవరూ బాధపడలేదు.

మంజుల నాన్న యాదయ్య తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. పాశమైలారం ఫ్యాక్టరీలో బిడ్డకు ప్యాకింగ్ పని మాట్లాడి, సర్టిఫికెట్ల కోసం వచ్చాడు. ఈ ఒక్క ఏడాది చదవనివ్వమన్నాను.

"ఫోనే రాస్తుంటే మా పిల్లతోని ఏం పని సార్? పేపరోళ్లు పిలుస్తరా దీన్ని?"

ఆఫీసు నుంచి సర్టిఫికెట్లు తెప్పించి ఇచ్చాను. పోయినేడు బాగా రాసిన ఇద్దరూ ఇప్పుడు పాశమైలారంలోనే పనిచేస్తున్నారు.

మధ్యాహ్నం క్లాసు మొదలుకాకముందే మంజుల వాళ్ల నాన్నతో వెళ్లిపోయింది.