మీటింగుల చెయ్యి

పిన్నీ,

నవ్వకుండా చదువు! నువ్వు నేర్పిన ఊలు అల్లిక, ఉద్యోగంలో పడి ఇరవయ్యేళ్లు అటకెక్కించానా? మళ్లీ పట్టుకున్నాను. నీకే స్వెటర్! దాని కుడిచెయ్యి ఆఫీసు మీటింగుల్లో బల్లకింద అల్లాను, ఎడమచెయ్యి సెలవురోజుల్లో. కుట్లు రెండింటికీ సమానమే. అయినా కుడిది పసిపిల్లకి సరిపోతుంది, ఎడమదాంట్లో నా కాలు దూరుతుంది! మీటింగుల్లో పళ్లు కొరుక్కుంటూ దారం అంత బిగించేశానన్నమాట.

కుడిది విప్పి మళ్లీ అల్లడానికి వారం సెలవడిగాను. కారణం ఉన్నదున్నట్టు రాశాను. మా మేనేజరమ్మ రెండు చేతులూ తెప్పించుకుని చూసింది. ఆవిడ పెట్టిన మీటింగులే మరి! సెలవుచీటీ మీద సంతకం పెట్టింది. గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచింది.

"నాకూ ఒకటి అల్లిపెట్టవూ? సెలవుల్లోనే సుమా!"

గాల్లో తేలిపోతున్న
నీ అక్కకూతురు