పద్నాలుగో పేరు

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ నేను, మీ మరిది, పిల్లలు ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని తలుస్తాను. బావను కూడా కలిపి అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఆ సంగతికి నెమ్మదిగా వస్తాను. ఇప్పటికి రెండుసార్లు ఈ కాగితం ముందు నుంచి లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. బావ ప్రమాణ స్వీకారానికి నన్ను రమ్మంటావా అని అడిగావు. నిన్న టీవీలో అంతా చూసే ఉంటావు. సాయంత్రం నువ్వు ఫోను చేస్తే బావే తీసి, "అన్నీ తర్వాత మాట్లాడుకుందాం" అని పెట్టేశాడట. అందుకే నేనే రాస్తున్నాను.

కొత్త కోటు బావకు సరిపోయిందా అని కూడా అడిగావు. సరిపోయింది. భుజాల దగ్గర కొలిచినట్టు కూర్చుంది.

మా పార్టీ ఆఫీసులో ఈ పది రోజులు ఎలా గడిచాయో చెబితే నమ్మవు. ఉన్నవి ఇరవై ఆరు మంత్రి పదవులు, ఆశపడేవాళ్ళు నూట నలభై మంది. తూర్పు వాళ్ళకు నలుగురైతే పడమటి వాళ్ళకు ముగ్గురేనా అని ఒకరు, ఆడవాళ్ళు అయిదుగురైనా లేకపోతే ఏం ముఖం పెట్టుకుని తిరుగుతామని ఇంకొకరు. మద్దతిచ్చిన చిన్న పార్టీ వాళ్ళు ఆర్థిక శాఖ ఇస్తేగాని కదలమని రెండు రోజులు బయటి గదిలో బైఠాయించారు. చివరికి రైల్వే ఇచ్చి పంపారు. ఒక పేరు కదిపితే నాలుగు పేర్లు కదులుతాయి. కదిలినప్పుడల్లా జాబితా మళ్ళీ టైపు చేయాల్సింది నేనే.

ఎండైనా వానైనా గొడుగు వదలని పెద్దాయన ఒకరున్నారు, మేమంతా గొడుగాయన అంటాం. ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, "అమ్మా, నువ్వు రహస్యం చెప్పొద్దు. నా పేరుంటే ఒక్కసారి దగ్గు, చాలు" అన్నాడు. నాకేమో నాలుగు రోజులుగా జలుబు. ఆపుకోలేక మూడుసార్లు దగ్గాను. పాపం, ఇంటికెళ్ళి చుట్టాలందరికీ ఫోన్లు చేసుకున్నాడట.

అలా పదకొండు జాబితాలు టైపు చేశాను. పదకొండింటిలోనూ పద్నాలుగో పేరు బావదే. జలవనరుల శాఖ.

మాత్రలు వేసుకుంటున్నాడా అన్నావు. నా చేత్తోనే ఇస్తున్నాను. కానీ బుధవారం పొద్దున మాత్ర వేసుకున్న పావుగంటకే మళ్ళీ వచ్చి, "ఇవాళ మందు ఇవ్వలేదేంటే?" అని అడిగాడు. ఇచ్చానంటే నవ్వేసి కూర్చున్నాడు. కాసేపటికి, "మామయ్య లేచాడా?" అన్నాడు. నాన్న పోయి పందొమ్మిదేళ్ళయింది అక్కా. ఈ వేసవిలోనే మీ వీధి మొదట్లో ఇల్లు తెలియక నిలబడిపోయాడని కిందటి నెల రాశావు. ఎవరి చెవినా వేయొద్దన్నావు. వేయనని మాటిచ్చాను.

ఆ మాట తప్పాను.

గురువారం మధ్యాహ్నం ప్రధాని కాబోయే ఆవిడ నన్ను లోపలికి పిలిచారు. నేనేదో అక్షరం తప్పు కొట్టాననుకున్నాను.

"మీ బావగారు మీ ఇంట్లోనే ఉంటున్నారట కదమ్మా?"

"అవునండీ."

"ఒంట్లో బాగానే ఉంటోందా? మొన్న మాట్లాడుతూ ఒకే సంగతి రెండుసార్లు చెప్పారు."

"బాగానే ఉన్నారండీ. నిద్ర చాలడం లేదు, అంతే."

ఆవిడ సరేనని తలూపారు. బయటికొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను, కూర్చోలేకపోయాను. పెద్ద వరద వచ్చిన ఏడాది బావ సహాయమంత్రిగా ఉన్నాడు, గుర్తుందా? మూడు రోజులు ఫోను వదల్లేదు. ఏ ఆనకట్ట గేట్లు ఎంత ఎత్తాలో, ఏ ఊరు ముందు ఖాళీ చేయించాలో ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. నువ్వు పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టావు. ఇంకో నెలలో మళ్ళీ వానలు మొదలవుతాయి. ఆ రాత్రుళ్ళు ఆ ఫోను దగ్గర, బుధవారం నన్ను మాత్ర అడిగిన మనిషి కూర్చుంటాడు.

లేచి మళ్ళీ లోపలికి వెళ్ళాను. "ఇందాక అబద్ధం చెప్పానండీ. ఆయనకి మతిమరుపు మొదలైంది. మామూలుది కాదు" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆయనకి తెలుసా?"

"కొన్ని రోజులు తెలుస్తుందండీ. కొన్ని రోజులు తెలీదు."

ఆవిడ కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "ఆయన దగ్గరే నేను రాజకీయం నేర్చుకున్నానమ్మా" అన్నారు. పన్నెండో జాబితా నేనే టైపు చేశాను. పద్నాలుగో పేరు దగ్గర, మొదటిసారి గెలిచిన ఒక ఇంజనీరమ్మ పేరు.

శుక్రవారమంతా బావ ఫోను వస్తుందని కూర్చున్నాడు. నేను చెప్పకుండా తప్పించుకు తిరిగాను. శనివారం కోటు వేసుకుని, "పిలవడం మర్చిపోయుంటారులే, అక్కడ చూసుకుందాం" అని బయల్దేరాడు. సభ్యుల వరసలో గొడుగాయన పక్కన కూర్చున్నాడు. నేను గోడవారన నిలబడి ఒక్కో పేరూ లెక్కపెట్టుకుంటున్నాను. పద్నాలుగో పేరు పిలిచేసరికి బావ లేచి నిలబడ్డాడు. పిలిచింది తనని కాదని ఒక్క క్షణంలో తెలిసినట్టుంది. కూర్చోకుండా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. గొడుగాయన ఆయన ముఖంలోకి చూసి, తనూ లేచి చప్పట్లు కొట్టాడు. ఆయనకీ ఏ పదవీ రాలేదు. వాళ్ళిద్దర్నీ చూసి వరసంతా లేచింది. ఆ ఇంజనీరమ్మ కళ్ళనీళ్ళతోనే ప్రమాణం చదివింది.

కారులో అడిగాడు. "జాబితా నువ్వే టైపు చేశావా?"

"నేనే బావా."

"నా పేరెప్పుడు తీశారు?"

"గురువారం."

"ఎందుకట?"

ఇక దాచలేకపోయాను. "నేను చెప్పాను బావా. నీ మతిమరుపు సంగతి నేనే చెప్పాను."

రెండు కూడళ్ళు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావే. చెప్పాల్సింది నేను. నాకే ధైర్యం చాల్లేదు" అన్నాడు. నేను ఏడ్చాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. అన్నీ సర్దుకున్నాయనుకున్నాను.

ఇవాళ పొద్దున గడ్డం గీసుకుని, కోటు వేసుకుని వంటగదిలోకి వచ్చాడు.

"ఎన్నింటికి బయల్దేరాలే?"

"ఎక్కడికి బావా?"

"ఎక్కడికేంటి, ప్రమాణానికి!"

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మళ్ళీ ఎందుకట అని అడిగాడు. మళ్ళీ అదే జవాబు చెప్పాను. ఈసారి తల మీద చెయ్యి వెయ్యలేదు. "నువ్వా?" అన్నాడు. "చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళాను కదే నిన్ను!" అన్నాడు. గదిలోకెళ్ళి తలుపు వేసుకున్నాడు. మీ మరిది వెళ్ళి బతిమాలినా తలుపు తీయలేదు. ఇది రాస్తుంటే గోడ అవతల ఆయన అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

నిన్న దొరికిన మన్నింపు ఇవాళ్టికి మిగల్లేదక్కా. రేపు అడిగితే రేపూ నిజమే చెబుతాను. ఆయన నా తల నిమురుతాడో, తలుపు వేసుకుంటాడో తెలీదు. దాన్ని ఎలాగో తట్టుకుంటాను. నీ మాట ఒక్కటి నాకు కావాలి. తిట్టాలనుంటే తిట్టు. ఇక నా గడప తొక్కనంటే అదీ రాయి. ఏదైనా సరే, ఫోనులో కాకుండా కాగితం మీద పెట్టి పంపు. నువ్వు రాసింది మర్నాడు చదివినా అదే ఉంటుంది.

ఇట్లు,
నీకిచ్చిన మాట నిలుపుకోలేని
నీ చెల్లెలు