గవ్వలరేవు దగ్గర గీత

శంషాబాద్,
27 సెప్టెంబర్ 2025.

ప్రసన్నలక్ష్మి మేడంకు,

డానీ నమస్కారాలు. అత్తాపూర్‌లో మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. మొన్నటిదాకా అక్కా అని రాసేవాణ్ణి. ఊళ్ళ మ్యాపులు గీసే మన పటాల గ్రూపులోంచి నన్ను తీసేసిన మనిషిని అక్కా అనడానికి నోరు రావడం లేదు. అక్కడ రాసే వీలు లేదు కాబట్టి ఈ కాగితం మీ వాచ్‌మన్ చేతికి ఇచ్చి పోతున్నాను.

నేను ఎయిర్‌పోర్ట్ కార్గోలో పెట్టెలు మోసే మనిషిని. పటం గీయడం ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. డ్యూటీ బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా, ఆరాంఘర్ వెనక గల్లీలన్నీ ఫోన్లోంచి మన పటంలోకి నేనే ఎక్కించాను. అప్పుడు మీరే, "డానీ గీస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అన్నారు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఏమైంది?

గొడవంతా ఒక్క గీత. సముద్రం ఎక్కడ ఆగుతుందో, ఏరు ఎక్కడ మొదలవుతుందో చూపే గీత. మీరు ఇసుక దిబ్బ దగ్గర గీశారు. నేను నాలుగు కిలోమీటర్లు లోపలికి, గవ్వలరేవు ఊరు దాటించి గీశాను. మీరు చూసింది ఆకాశం నుంచి తీసిన ఫొటో. అది వరద రోజుల్లో తీసింది. ఏటి బురద నీళ్ళు సముద్రాన్ని తోసుకుపోతుంటే అంతా ఏరులాగే కనిపిస్తుంది. వరద తగ్గాక ఉప్పు నీళ్ళే పైకి వస్తాయి.

నాతో పెట్టెలు మోసే చందుది ఆ ఊరే. వాళ్ళమ్మ భారతమ్మ చేపలమ్ముతుంది. "రేవులో నీళ్ళు పోసి కందిపప్పు పెడితే పొద్దుగూకినా ఉడకదు బాబూ. పడవేసుకుని పైకెళ్ళి తెచ్చుకుంటాం" అన్నది. పప్పు ఎక్కడి నీళ్ళతో ఉడుకుతుందో అక్కడి నుంచే వాళ్ళకు ఏరు. నేను గీత పెట్టింది సరిగ్గా అక్కడ.

మీరు గ్రూపులో ఏమన్నారు? "శంషాబాద్‌కి అలలెప్పుడొచ్చాయి డానీ? పప్పు ఉడికించి పటాలు గీస్తారా ఎవరైనా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మండింది. "ఏసీ రూంల కూసొని గీస్తే గట్లనే ఉంటది మేడం, నేను పోయి చూసిన" అని రాశాను. స్వయంగా చూసినవాడి గీతను ఫొటో చూసినవాళ్ళు చెరపకూడదన్నది మన పద్ధతి. మీరు చెరిపారు. పైగా రుజువు అడిగారు. కాలేజీ పిల్లలను ఎప్పుడైనా అడిగారా? నేను ఇవ్వకపోయేసరికి బయటికి తోశారు. మా అమ్మ సరోజమ్మ, "గా సముద్రంతోని నీకేం పనిరా, డ్యూటీకి పో" అంటున్నది.

నాకేం పనో చెప్తాను. తుఫాను వాలంటీర్లు సముద్రపు ఊళ్ళ జాబితాను మన పటం చూసే తయారు చేస్తారు. ఆ ఊళ్ళకే ముందుగా ఫోన్లు చేస్తారు, పడవలు పంపుతారు. ఒకటో తారీఖున కొత్త జాబితా. మీ గీతతో గవ్వలరేవు మళ్ళీ ఏటి ఊరైపోయింది. పోయినేడు తుఫానుకూ అంతే. నీళ్ళు ఏటి పైనుంచి కాదు, సముద్రం వైపు నుంచి వచ్చి భారతమ్మ ఇంట్లో మంచం ఎత్తున నిలిచాయి. ఆమెకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఇంకా నాలుగు రోజులుంది. నా గీత మళ్ళీ పెట్టండి. నన్ను గ్రూపులోకి తీసుకోకపోయినా సరే, అడుక్కోను.

ఇట్లు,
కోపం తగ్గని
డానీ.

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. నేను గవ్వలరేవుకు పోలేదు. పోదామనుకున్నాను, లీవు ఇవ్వలేదు. పప్పు సంగతి చందు ఫోన్లో వాళ్ళమ్మ చెప్తుంటే విన్నాను. అసలు నేను ఇంతవరకు సముద్రమే చూడలేదు. చేపలమ్మే ఆమె మాట మీకు లెక్కలోకి రాదని తెలిసి "పోయి చూసిన" అని రాశాను. భారతమ్మ నంబరు వెనక పేజీలో ఉంది. పొద్దున ఎనిమిదిలోపు చెయ్యండి, తరువాత తట్ట ఎత్తుకుని పోతుంది. నీళ్ళ సంగతి ఆమెనే అడగండి. పటంలో నా పేరు తీసేసి, చూసినవారు అనే చోట ఆమె పేరు పెట్టండి. నేనే ముందు ఆ పని చేయాల్సింది.