చెట్టున వదిలిన కాయ

అక్కా,

నువ్వు పోయాక మన మామిడితోటలో ఇది మొదటి కాపు. నిన్నటితో కోత అయిపోయింది. ఎప్పటిలాగే చెట్టుకొక కాయ వదిలేశాం.

నీ నోటుబుక్కులోని ఆఖరి కథను ఫోన్లో టైపు చేసి, నువ్వు రాసే వెబ్‌సైటులోని పత్రికలకు నీ అకౌంటు నుంచే పంపుతున్నాను. మొదటి పత్రిక నెల దాటినా జవాబివ్వలేదు. రెండోది బొమ్మ జతచేయలేదని తిప్పి పంపింది. మూడో పత్రిక ఎడిటర్ మాత్రం చదివారు. "బాగుంది మేడం. కానీ చివర్లో ఆమె ఆ ఒక్క కాయనూ ఎందుకు కోయలేదు? కారణం రాస్తే వేసుకుంటాం" అన్నారు. నువ్వు లేవని ఆయనకు చెప్పలేదు.

ఆయన రాసింది అమ్మకు చదివి వినిపించాను.

"చెట్టుని బోడిగా వదిలేస్తారేంట్రా ఎవరైనా! ఆయన్ని ఓసారి మన ముసునూరు రమ్మను, చెట్టెక్కిస్తాను" అంది. మళ్లీ తనే, "పోనీ రాసెయ్‌రా. పత్రికలో మీ అక్క పేరు చూడాలనుంది" అంది.

ఇవాళ రెండు వాక్యాలు రాశాను. నీ మాటల పక్కన అవి నావని తెలిసిపోతున్నాయి. చెరిపేసి, కథను అలాగే ఉండనివ్వమని ఎడిటర్‌కు రాశాను.

"అయితే తీసుకోలేం మేడం" అని వెంటనే వచ్చింది.

అమ్మ ఫోన్ అందుకుంది. నీ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. "ఇదేంట్రా?" అంది.

"ఆ మనిషి ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నట్టమ్మా."

అమ్మ లేచి వెళ్లి ఛార్జరు తెచ్చింది.

నీ తమ్ముడు