నెత్తురులో తేలకపోతే

గౌరవనీయులైన డాక్టరు గారికి,

మా అన్న మొగిలి మాజీ జవాను. సైనికుల మనోగాయాలపై మీరు చేస్తున్న పరిశోధనకు రక్తమివ్వడానికి సోమవారం కొత్తగూడ నుంచి వస్తున్నాడు. మొన్న మా ఇంటి పెళ్లి బరాత్‌లో పటాకులు పేలగానే పెళ్లికొడుకును నేలకు లాగి, మీద పడి కప్పేశాడు.

"ఏందిరో, మిలిటరోడు పటాకులకు భయపడవట్టె!" అని అందరూ నవ్వారు. నేను వాళ్లతో కొట్లాడాను. అన్న మాత్రం వాళ్ల మాటే నమ్మాడు.

"నాది రోగమైతె నెత్తురుల తేల్తదంట చెల్లె. తేలకుంటె నేను పిరికోన్నే గద?" అంటున్నాడు.

యుద్ధం మిగిల్చిన మనోగాయాన్ని తేల్చగల రక్తపరీక్ష ఇంకా రాలేదని, మీది పరిశోధన మాత్రమేనని ఎంతో చెప్పాను.

"వాదన పెడితె నువ్వే గెలుస్తవు. గందుకే నీ మాట నమ్మబుద్ధి కాదు" అన్నాడు.

రక్తంలో ఏమీ కనిపించకపోయినా ఆయన గాయం నిజమేనని, సూది గుచ్చకముందే మీరు చెప్పండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
మొగిలి చెల్లెలు